బల్ల మీద రెండు మూతలు

"నల్లబట్ట మాట ఇంకోసారి ఎత్తితే నేను ముద్ద ముట్టను," అంది దోనా జుల్మీరా, చిక్కుడుగింజల కూర రెండోసారి వడ్డించుకుంటూ.

ఫగుండిస్ వారింట్లో ఈ వాదన పొద్దున కాఫీ దగ్గర మొదలై, మధ్యాహ్నం భోజనాల వేళకి మంచి పాకానికి వచ్చింది. విషయం చిన్నదే. ఇంటి వెనకాల వాళ్ళ వర్క్‌షాపులో అక్కడ తయారయ్యే కాఫీ మిషను మూతల్ని కొలవడానికి కొత్తగా లేజర్ యంత్రం దిగింది. దాని కింద స్టీలు రేకు తాపిన పెద్ద బల్ల ఉంది. ఆ బల్ల మీద నల్లటి గరుకు బట్ట ఒకటి పరచాలా, వద్దా? పరచాలని మనవరాలు తలీతా, వద్దని నానమ్మ జుల్మీరా. తలీతా తండ్రి జెనేజియో ఇద్దరి మాటకీ తలాడిస్తూ పంది మాంసం నములుతున్నాడు. తల్లి వల్దిరేనీ ఏమీ అనకుండా ఆకుకూర గిన్నె అటూ ఇటూ అందిస్తోంది. ఆ ఇంట్లో కోడలి అభిప్రాయాలు గిన్నెలు అందించడం ద్వారానే వ్యక్తమవుతాయి.

"అది కాదు నానమ్మా," అంది తలీతా. "లేజరు ఒక ఎర్రగీత వేస్తుంది. ఆ గీత వస్తువు మీద ఎక్కడెక్కడ వంగిందో కెమెరా చూసి కొలత తీస్తుంది. కింద బల్ల అద్దంలా ఉంటే గీత దాని మీంచి ఎగిరి ఇంకెక్కడో పడుతుంది. కెమెరా అదీ నిజమే అనుకుంటుంది."

"అనుకుంటే అది దాని బుద్ధి తక్కువ. దానికోసం మన బల్లకి ముసుగెయ్యాలా? మీ తాతయ్య పోయిన రోజు కూడా ఆ బల్ల తళతళలాడుతూనే ఉంది. ఇంట్లో శవం ఉన్నప్పుడు పరచని నల్లబట్ట, కాఫీ మిషను మూత కోసం పరుస్తావా?"

"యంత్రం బిగించడానికొచ్చినాయన కూడా అదే చెప్పాడుగా! బట్ట పరవండి, మూత మరీ మెరుస్తుంటే దానిమీద సన్నటి తెల్లపొడి చల్లండి అని ఎన్నిసార్లు చెప్పాడు!"

"చెప్పాడు. పాపం, వాళ్ళింట్లో ఆడవాళ్ళు లేరేమో."

ఈ మాటతో వాదన ముగిసినట్టే. మా ఊరు పెద్రా లీసాలో దీనికి మించిన మాట లేదు. ఇక్కడ ఇల్లాలి పరువు వంటింటి గోడకి వేలాడుతూ ఉంటుంది. శనివారం వచ్చిందంటే ప్రతి ఇంట్లోనూ అల్యూమినియం గిన్నెలు దిగుతాయి. ఇసుక, సబ్బు, నిమ్మచెక్క, స్టీలు పీచు వేసి వాటిని తోముతారు. గిన్నె అడుగులో చూసుకుని పెదవులకి రంగు వేసుకోగలిగితేనే ఆ ఇల్లాలు చర్చికి బయల్దేరుతుంది. గిన్నెలో ఏముందని అడగడం మర్యాద కాదు, గిన్నెలో ఏం కనిపిస్తోందని అడగడమే మర్యాద. నచ్చినవాణ్ణి మొదటిసారి ఇంటికి తెచ్చిన పిల్ల, వాణ్ణి తండ్రికన్నా ముందు గిన్నెల గోడకి పరిచయం చేస్తుంది. మేయర్ ఒనోఫ్రే గారు పోయిన ఎన్నికల్లో నెగ్గింది కూడా కొత్త రోడ్లు వేయించి కాదు, ఉన్న ఒక్క రోడ్డునీ నీళ్ళతో తడిపించి తళతళలాడించి.

ఇలాంటి ఊళ్ళో పరువైన కుటుంబం తన బల్లని మసకగా ఉంచుకోవాలని ఒక ఆడపిల్ల కోరడం, అదీ సాంకేతిక పాఠశాలలో చదువుకుని వచ్చి కోరడం, చదువు వల్ల వచ్చే అనర్థాల్లో ఒకటిగా పెద్దలు గుర్తించారు. మర్నాడు యంత్రానికి ప్రారంభోత్సవం. బల్లని తోమే బాధ్యత ఏకగ్రీవంగా వల్దిరేనీకి అప్పగించారు. ఆ తీర్మానం జరిగినప్పుడు ఆమె వంటింట్లో ప్లేట్లు కడుగుతోంది.

వల్దిరేనీ తోమింది. ఆమె తోమితే ఎలా ఉంటుందో ఊరంతటికీ తెలుసు. ప్రారంభోత్సవానికి వచ్చిన ఆడవాళ్ళు యంత్రాన్ని చూడకుండా నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి జుట్టు సర్దుకున్నారు. పాద్రీ గారు యంత్రానికి దీవెనలిచ్చి పవిత్రజలం చిలకరించారు. దానితో బల్ల ఇంకాస్త మెరిసింది. జెనేజియో తన చేతులతో తయారుచేసిన మూతని, కాఫీ గింజల పొట్టు తీసే యంత్రానికి పైన బిగించే అల్యూమినియం మూతని, బల్ల మధ్యన పెట్టాడు. తలీతా మీట నొక్కింది. ఎర్రగీత మూత మీద పాకింది, బల్ల మీద పడింది, పైకి ఎగిరింది, మేయర్ గారి బెల్టు బకిలు మీద కాసేపు ఆగింది.

తెర మీద బొమ్మ వచ్చింది. పైన ఒక మూత ఉంది. దాని కింద తలకిందులుగా ఇంకో మూత వేలాడుతోంది. పక్కన గాలిలో ఒక ముద్ద తేలుతోంది. అది మేయర్ గారి బకిలు.

తలీతా మొహం పాలిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

"ప్రియ సోదరీ సోదరులారా!" అన్నారు మేయర్ గారు. "నిన్నటిదాకా ఈ ఊళ్ళో ఒక మూతని ఒక మూతగానే చూస్తూ వచ్చాం. అది మన వెనకబాటుతనం. ఈ రోజు నుంచి ఒక మూతని రెండు మూతలుగా చూడబోతున్నాం. దీన్నే అభివృద్ధి అంటారు! నా పాలనలో కింద ఉన్నది కూడా పైకి కనిపిస్తుందని నేను ఆనాడే చెప్పాను!"

కింద ఉన్నదేమిటని ఎవరూ అడగలేదు.

మేయర్ గారి ఆనందం అలా ఉండగా, మూతలు కొనబోయే కంపెనీకి మాత్రం ఒక పట్టుదల ఉంది. ఒక మూత ఒకటిగానే కనబడాలట. పైగా దాని అంచు, మందం గీసిచ్చిన నమూనాకి సరిపోవాలట. నెలాఖరు శుక్రవారం తమ ఇంజనీరు వచ్చి చూస్తుందని, లేజర్ కొలత సరిగా వస్తేనే పని మీకని, లేకపోతే పక్క ఊరి వాళ్ళకని కబురు పంపారు. ఆ శుక్రవారం దాకా యంత్రం ముందున్న తలీతా కుర్చీకి ఢోకా లేదు. ఆ తరువాత సంగతే ఎవరూ పైకి అనలేదు.

కొలతలు సరిచెయ్యడానికి ఫగుండిస్ కుటుంబం శాయశక్తులా కృషి చేసింది. మూత అంచున ఎడమవైపు ఒక బొడిపె ఉందని యంత్రం చెప్పింది. జెనేజియో వేలితో తడిమి చూశాడు. బొడిపె లేదు. తండ్రి కాలం నాటి కొలత పరికరం పెట్టి చూశాడు. అప్పుడూ లేదు. అయితే తండ్రి కాలం నాటి పరికరం తండ్రి కాలం నాటిది, యంత్రం విదేశంలో పుట్టింది. అందుకని ఆయన లేని బొడిపెని ఆకురాయితో అరగదీశాడు. మర్నాడు ఎండ ఇంకో కిటికీలోంచి వచ్చింది, బొడిపె కుడివైపుకి మారింది. ఆయన కుడివైపు కూడా అరగదీశాడు. చక్కగా ఉన్న మూతలు అలా యంత్రం మాట విని ఒక్కొక్కటే పాడైపోయాయి.

"నాన్నా, మూతని పాడుచెయ్యకు, బల్లని చూడు!" అని తలీతా మొత్తుకుంది.

"చూస్తూనే ఉన్నా తల్లీ. ఎంత బాగుందో!" అన్నాడు జెనేజియో, బల్లలో తన మీసం చూసుకుంటూ.

యంత్రానికి సరిగా కనబడటంలేదేమోనని దోనా జుల్మీరా అనుమానపడింది. కనబడనివారికి వెలుతురు కావాలి కదా. అందుకని బల్లకి నాలుగు వైపులా దీపాలు పెట్టించింది. అదీ చాలనట్టు, మూతని కూడా తోమమంది. వల్దిరేనీ తోమింది. ఆ రోజు తెర మీద మూతకి బదులు పనసకాయ వచ్చింది. ఒళ్ళంతా ముళ్ళే.

"ఇంకొంచెం తోమవే వల్దీ, కాయ పండుతుందేమో," అని జెనేజియో ఛలోక్తి విసిరాడు. ఆయన ఛలోక్తులకి నవ్వే బాధ్యత కూడా వల్దిరేనీదే. ఆ రోజు ఆమె నవ్వలేదు. వర్క్‌షాపు తలుపు పక్కన నిలబడి, తెర ముందు కూచున్న కూతురి వీపు చూస్తూ ఉండిపోయింది. పిల్ల భుజాలు రెండూ ముందుకి వాలిపోయి ఉన్నాయి.

పనసకాయ కబురు మునిసిపాలిటీకి చేరింది. మేయర్ గారు వెంటనే ఒక కమిటీ వేశారు. అందులో మందుల షాపాయన, బ్యాండు మేళం పెద్ద, మెరుపు విషయాల్లో గౌరవ సలహాదారుగా దోనా జుల్మీరా సభ్యులు. కమిటీ చీజు బన్నులు తింటూ సుదీర్ఘంగా చర్చించి కొన్ని సత్యాలు కనుక్కుంది. బల్ల నిర్దోషి. దీపాలు నిర్దోషులు. యంత్రం విదేశీ కనుక ప్రశ్నకి అతీతం. ఇక మిగిలింది యంత్రం ముందు కూచున్న అమ్మాయి. యంత్రాలు ఆడపిల్లల అధికారానికి లొంగవని, మేయర్ గారి మేనల్లుడు క్లేబర్‌కి మోటారుసైకిలూ నల్లకళ్ళద్దాలూ ఉన్నాయని, మెరుపుని అతనైతే నల్లకళ్ళద్దాల్లోంచి చూడగలడని కమిటీ అభిప్రాయపడింది. శుక్రవారం కొలత తప్పితే సోమవారం నుంచి ఆ కుర్చీ క్లేబర్‌ది. జెనేజియో ఒప్పుకున్నాడు. ఎవరు ఏమడిగినా ఒప్పుకోవడం ఆయనకి తండ్రి నుంచి వచ్చిన ఆస్తి.

గురువారం సాయంత్రం వల్దిరేనీ వంటింట్లో కర్రపెండలం పిండి జల్లిస్తోంది, మర్నాడు వచ్చే ఇంజనీరుకి చీజు బన్నులు చెయ్యాలి కదా. తలీతా వచ్చి పీట మీద కూలబడింది.

"రేపు నేను కూచోను. క్లేబర్‌నే కూచోమను. వాడైతే పనసకాయని చూసి కత్తి అడుగుతాడు."

"అలా అనకే."

"ఇంకెలా అనమంటావమ్మా? నువ్వెంత బాగా తోమితే నేనంత పనికిరానిదాన్నవుతున్నాను. నీకు తెలుస్తోందా అసలు?"

వల్దిరేనీ చేతిలో జల్లెడ ఆగిపోయింది. ఆ చేతుల సంగతి ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి, నిమ్మరసం తగిలినప్పుడల్లా చురుక్కుమంటుంది. అది పెళ్ళయిన మొదటి శనివారం నుంచీ ఉన్నదే కనుక దాన్ని నొప్పి అని ఆమె అనుకోలేదు. కానీ తన చేతుల పనితనం కూతురి కొలతలో బొడిపెలై తేలుతోందన్నది మాత్రం ఇవాళే తెలిసింది. అందరూ ఇన్నాళ్ళూ బల్లని పొగుడుతుంటే ఆమె కూడా కాస్త గర్వపడింది. ఇప్పుడు ఆ గర్వం మీద ఆమెకే రోత పుట్టింది.

"ఆ తెల్లపొడి ఎలా ఉండాలన్నాడు ఆయన?"

"సన్నగా, పలచగా. మెరుపు చావాలి, మందం పెరగకూడదు."

వల్దిరేనీ చిటికెడు పిండి తీసి, గోడకి వేలాడుతున్న గిన్నె మీద ఊదింది. అంతసేపూ అందులో కనిపిస్తున్న ఆమె మొహం మాయమై, గిన్నె కనిపించింది.

"ఇలాగా?"

తలీతా లేచి నిలబడింది. "ఇలాగే! మరి బట్టో?"

"అదీ ఉందిలే."

మామగారు పోయినప్పుడు ఏడాది పొడుగునా వేసుకోమని అత్తగారు కుట్టించిన నల్ల ఉన్ని లంగా ఒకటి పెట్టె అడుగున ఉంది. శుక్రవారం తెల్లారేసరికి దాని కుట్లన్నీ విప్పి, వెడల్పుగా పరిచి, బల్లని మూల నుంచి మూల దాకా కప్పింది. పలచటి గుడ్డలో పిండి మూటగట్టి, తలీతా చెప్పినట్టల్లా మూత మీద తట్టింది. దీపాలన్నీ తీసేసి కిటికీలు మూసేశారు. అరగదియ్యని మూత ఒక్కటే మిగిలి ఉంది. ఆ ఒక్కటీ నల్లబట్ట మధ్యన తెల్లగా, మాట్లాడకుండా కూచుంది.

ఇంజనీరు సెల్మా మాటలు తక్కువ మనిషి. లోపలికొచ్చి బల్ల చూసింది, మూత చూసింది, "హమ్మయ్య" అని కుర్చీ లాక్కుంది. తలీతా మీట నొక్కింది. ఎర్రగీత మూత మీద నెమ్మదిగా నడిచింది, నల్లబట్ట మీదికి దిగి అక్కడే ఆగింది. ఎగరలేదు, దూకలేదు. తెర మీద ఒకే ఒక మూత వచ్చింది. అంచు సరిపోయింది. మందం సరిపోయింది.

సరిగ్గా అప్పుడే మేయర్ గారు పరివారంతో వేంచేశారు. చీకటి గది. నల్లబట్ట. దాని మీద తెల్లగా ఏదో. చుట్టూ నిశ్శబ్దంగా ఆడవాళ్ళు. గుమ్మంలో దోనా జుల్మీరా, తను కుట్టించిన లంగాని గుర్తుపట్టి, కొయ్యబారి నిలబడి ఉంది. మేయర్ గారు రాజకీయాల్లో పండిన మనిషి, సందర్భం ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. టోపీ తీసేశారు. వెనకాల బ్యాండు పెద్ద బాకా దించి తలవంచాడు.

"ఈ విషాద సమయంలో," అన్నారు మేయర్ గారు బొంగురు గొంతుతో, "మునిసిపాలిటీ తరఫునా, నా సొంత తరఫునా ఈ కుటుంబానికి ప్రగాఢ సానుభూతి. పోయినవారు ఎవరో నాకు స్ఫురించడం లేదు కానీ, తప్పకుండా నా ఓటరే అయి ఉంటారు. ఆ లోటు ఎవరూ పూడ్చలేరు. వచ్చే ఎన్నికల్లో మరీ పూడ్చలేరు."

"సార్, ఇది మూత," అంది సెల్మా.

"అవునమ్మా," అన్నారు మేయర్ గారు కళ్ళు తుడుచుకుంటూ. "ఎంతవారికైనా కన్నుమూత తప్పదు."

బ్యాండు పెద్ద ఉండబట్టలేక చావుపాట మొదటి చరణం వాయించేశాడు. సెల్మా ఆ సంగీతంలోనే ఒప్పందం మీద సంతకం పెట్టి, చీజు బన్ను ఒకటి చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

పని దక్కింది. ఘనకార్యం ఎవరిదన్న విషయంలో సందేహం లేకుండా మేయర్ గారే ప్రకటన చేశారు. పెద్రా లీసా మెరుపుకి విదేశీ యంత్రం తలవంచిందని, పైవారం ఆదివారం విజయోత్సవమని, ఆ సందర్భంగా బల్లని పూర్వ వైభవంతో అలంకరించి దాని ముందు ఫొటో దిగుతామని.

దానికి వారం ముందు ఆదివారం, భోజనాల దగ్గర దోనా జుల్మీరా ఆ వివరాలు అందరికీ తెలియపరిచింది. కోడిపులుసు పొగలు కక్కుతోంది.

"ఉత్సవంలో యంత్రాన్ని క్లేబర్ నడిపి చూపిస్తాడట. మేయర్ గారికి మళ్ళీ రెండు మూతలూ చూడాలని ఉంది. మన పిల్ల చేతిలో ఒకటే వచ్చింది కదా, క్లేబర్ చేతిలో రెండొస్తే ఎవరు గొప్పో ఊరే చెబుతుందన్నారు. ఆ తరువాత కుర్చీ సంగతి చూద్దామన్నారు. వల్దిరేనీ, శనివారం గిన్నెలతో పాటు బల్ల కూడా చూడు. ఆ లంగా గుడ్డ తీసి అవతల పారెయ్."

తలీతా చెంచా కింద పెట్టేసింది. తండ్రి వైపు చూసింది. జెనేజియో కోడికాలు వైపు చూశాడు.

"నేను తోమను అత్తయ్యా," అంది వల్దిరేనీ.

ఆమె అన్నది చాలా మామూలుగా. ఉప్పు అందించమన్నట్టుగా. అందుకే అది అందరికీ చేరడానికి కాస్త సమయం పట్టింది.

"బల్లనా?"

"బల్లనీ. గిన్నెల్నీ."

"ఈ శనివారమా?"

"ఏ శనివారమూ కాదు. బల్ల మీద గుడ్డ ఎలా ఉందో అలాగే ఉంటుంది. కుర్చీలో ఎవరున్నారో వాళ్ళే ఉంటారు. అది తీసి బల్ల తోమాలని ఎవరికైనా ఉంటే ఆపను. అప్పుడు ఈ వంటిల్లు కూడా వాళ్ళే చూసుకోవాలి."

"వల్దీ..." అన్నాడు జెనేజియో.

"అన్నం పెట్టనా?"

"పెట్టు," అన్నాడు జెనేజియో.

దోనా జుల్మీరా పులుసు గిన్నెని తన దగ్గరే ఆపేసి ఆలోచనలో పడింది. కోడలు చెప్పింది న్యాయమా కాదా అన్నది ఆమె ఆలోచిస్తోందనుకుంటే పొరపాటు. న్యాయం సంగతి ఆమెకి శుక్రవారమే అర్థమైంది, ఆమె కళ్ళు బాగానే కనిపిస్తాయి. ఆమె ఆలోచిస్తున్నది ఊరి సంగతి. వంటింటి గోడ మసకబారుతుంది. శనివారం ఇంట్లోంచి ఇసుక చప్పుడు వినిపించదు. పక్కింటివాళ్ళు అడుగుతారు. కోడలు వద్దంది అని చెప్పాలా? మా పెద్రా లీసాలో ఇంతవరకూ ఏ ఇంట్లోనూ కోడలు వద్దనలేదు, అందుకని ఆ వాక్యం ఎలా పలకాలో కూడా ఎవరికీ తెలియదు.

చివరికి ఆమె లేచి వెళ్ళి వీధి కిటికీ రెక్క దగ్గరకి లాగింది. తిరిగొచ్చి కూచుని, గొంతు తగ్గించి, కుటుంబం మొత్తానికి తెలిసేలా నిర్ణయం ప్రకటించింది.

"కోడలికి జబ్బు చేసింది. చేతుల జబ్బు. తోమడం, రుద్దడం డాక్టరు బొత్తిగా వద్దన్నాడు. మెరుపు కంటబడకూడదని కూడా అన్నాడు, అందుకే బల్ల మీద గుడ్డ. పిల్ల దగ్గరుండి చూసుకోవాలి కనుక పిల్ల కుర్చీ కదలదు. ఎవరడిగినా అందరూ ఇదే చెప్పండి."

కుటుంబం ఊపిరి పీల్చుకుంది. పులుసు మళ్ళీ తిరిగింది. ఆరోగ్యంగా ఉన్న ఆడమనిషి కాదన్న పనిని జబ్బుమనిషి కాదనవచ్చు, ఆ మాత్రం జాలి మా ఊరికి ఉంది.

సోమవారం నుంచే పరామర్శలు మొదలయ్యాయి. రోగి పొద్దున్నంతా కూతురి పక్కన నిలబడి మూతల మీద పిండి తడుతూ ఉండటం వల్ల, సాయంత్రాలు మాత్రమే వరండాలో కుర్చీ వేసి ఆమెని ప్రదర్శనకి ఉంచేవారు. ఊళ్ళో ఆడవాళ్ళు తళతళలాడే గిన్నెల్లో కోడి సూపు పట్టుకుని వచ్చారు. అయ్యో అన్నారు. ఎంత బాగా తోమే చేతులో అన్నారు. దేవుడి దయవల్ల తగ్గిపోతుందన్నారు. లేవబోయే ముందు మాత్రం ఒక్కొక్కరూ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, దాదాపు ఒకే మాట అడిగారు.

"వల్దీ, ఇది అంటుకుంటుందా?"

అంటుకుంటుందనే డాక్టరు అన్నాడని ఆమె చెప్పింది.

వాళ్ళు కుర్చీలు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు.